ఇద్దరు మిడ్‌ఫీల్డర్లను పోల్చడం ఎలా: అటాక్, డిఫెన్స్ రెండూ లెక్కవేసే పూర్తి పద్ధతి

నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి ఒకే ప్రశ్న ఎడతెగకుండా వస్తోంది. స్కూల్ సెలక్షన్లు దగ్గరపడ్డ పీఈటీ సార్లు అడుగుతున్నారు, అర్ధరాత్రి దాటాక చాంపియన్స్ లీగ్ చూసి పొద్దున్నే టీ కొట్టు దగ్గర గొంతు చించుకునే కుర్రాళ్లూ అడుగుతున్నారు. ఫుట్‌బాల్ జట్టులో ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు (మైదానం మధ్యలో ఆడేవాళ్లు) ఉన్నారు, ఒకడు గోల్స్‌కి దారి చేస్తాడు, ఇంకొకడు బంతి లాక్కుంటాడు, వీళ్లలో జట్టుకి ఎక్కువ పనికొచ్చేది ఎవరో ఎట్లా తేల్చాలి?

తేల్చొచ్చు, కాకపోతే వరస తప్పకూడదు. చాలామంది నేరుగా టాకిల్స్ (ఎదుటివాడి కాలి నుంచి బంతి తప్పించడం), అసిస్ట్‌లు (గోల్‌కి దారితీసిన చివరి పాస్‌లు) పక్కపక్కన పెట్టేసి తీర్పు చెప్పేస్తారు, అక్కడే లెక్క చెడుతుంది. ఆటగాళ్ల అంకెలు పోల్చేముందు వాళ్ల పనులు పోల్చాలి. ఆ మెట్టు దాటేసి వేసే పట్టిక ఎంత పొడుగున్నా దండగే.

కింద చెప్పేది టీవీలో చూసే లీగ్‌లకీ పనికొస్తుంది, నెల్లూరు వి.ఆర్.సి. గ్రౌండ్‌లో ఆదివారం ఆడే మ్యాచ్‌కీ పనికొస్తుంది. పద్ధతి మార్చుకోవాల్సిన చోట విడిగా చెప్తాను.

1. ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి

"ఎవరు గొప్ప?" అనేది లెక్కకి అందే ప్రశ్న కాదు. "మన జట్టు వెనక నిలబడి కౌంటర్ (బంతి దొరకగానే వేగంగా ఎదురుదాడి) మీద ఆడుతుంది, ఈ ఇద్దరిలో దానికి ఎవరు సరిపోతారు?" అంటే అందుతుంది. "పోయిన సీజన్‌లో ఓపెన్ ప్లేలో (కార్నర్లు, ఫ్రీ కిక్‌లు, పెనాల్టీలు కాకుండా నడిచే ఆటలో) ఎవరు ఎక్కువ అవకాశాలు సృష్టించారు?" అన్నా అందుతుంది.

ఆ వాక్యాన్ని కాగితం పైన పెద్దగా రాసుకోండి. లెక్క మధ్యలో ఏదో ఒక అంకె కళ్లు చెదిరేలా కనిపిస్తుంది, మనసు అటు లాగుతుంది, అప్పుడు ఆ అంకె మీ ప్రశ్నకి జవాబు చెప్తోందా లేదా అని పైకి చూసుకోవాలి.

2. ఇద్దరూ చేసే పని ఒకటేనా?

మిడ్‌ఫీల్డర్ అనే మాట కింద కనీసం మూడు రకాల పనులు ఉన్నాయి.

ఆరో నంబర్ పని: డిఫెండర్ల ముందు కాపలా కాయడం, వెనక నుంచి బంతి తీసుకుని ఆట మొదలుపెట్టడం. ఎనిమిదో నంబర్ పని: రెండు పెనాల్టీ బాక్సుల మధ్య తిరుగుతూ అటూ ఇటూ చెయ్యి వేయడం. పదో నంబర్ పని: ప్రత్యర్థి మిడ్‌ఫీల్డ్‌కీ డిఫెన్స్‌కీ మధ్య సందులో నిలబడి చివరి పాస్ ఇవ్వడం, షాట్ కొట్టడం.

వీపు మీద ఉన్న నంబర్‌ని చూసి మోసపోవద్దు. 10 వేసుకుని ఆరో నంబర్ పని చేసేవాళ్లు మన టోర్నమెంట్లలో కోకొల్లలు, జెర్సీ సైజు దొరికిన నంబరే వాళ్ల నంబరు.

పని ఏంటో తెలుసుకోవడానికి తేలిక దారి ఒకటుంది. మొదటి పావుగంట ఏదీ లెక్కపెట్టకండి. మూడు సందర్భాల్లో అతను ఎక్కడ నిలబడుతున్నాడో మాత్రం గుర్తు పెట్టండి:

- మన గోల్‌కీపర్ దగ్గర బంతి ఉన్నప్పుడు
- ప్రత్యర్థి సెంటర్ బ్యాక్‌ల దగ్గర బంతి ఉన్నప్పుడు
- మన వింగర్ ప్రత్యర్థి బాక్స్ పక్కకి చేరినప్పుడు

మూడో సందర్భంలో ఒకడు బాక్స్‌లోకి దూకుతుంటే, ఇంకొకడు సెంటర్ సర్కిల్ దగ్గర కాపలా ఉండిపోతుంటే, వాళ్లిద్దరి గోల్స్ పక్కపక్కన పెట్టడంలో అర్థం లేదు.

పక్కన ఎవరు ఆడుతున్నారో కూడా రాసుకోండి. 4-2-3-1లో (డిఫెన్స్ నుంచి ముందుకి ఒక్కో వరసలో ఎంతమందో చెప్పే అంకెలివి) డిఫెన్స్ ముందు ఇద్దరుంటారు, ఒకడు ముందుకెళితే ఇంకొకడు కాస్తాడు. 4-3-3లో అక్కడ సాధారణంగా ఒక్కడే, వాడు కదిలితే వెనక ఖాళీ. ఒంటరిగా కాసేవాడు అటాక్‌లో కనిపించలేదని తీసిపారేస్తే అన్యాయం చేసినట్టే.

పనులు వేరని తేలితే పోలిక మానేయాల్సిన అవసరం లేదు. ప్రశ్న మార్చుకోవాలి. "ఎవరు మెరుగు" అనే బదులు "తమ తమ పనిలో ఎవరు ఎంత బాగా చేస్తున్నారు" అని చూడాలి.

3. నిమిషాలు, మైదానం, వాతావరణం సరిచూసుకోండి

మొత్తాలు పోల్చొద్దు. 30 మ్యాచ్‌లు ఆడినవాడికి 12 మ్యాచ్‌లు ఆడినవాడికంటే అన్నీ ఎక్కువే ఉంటాయి. ప్రతి అంకెనీ 90 నిమిషాలకి మార్చండి: వచ్చిన సంఖ్యని ఆడిన నిమిషాలతో భాగించి 90తో గుణించండి. 1,350 నిమిషాల్లో 30 టాకిల్స్ చేస్తే 90 నిమిషాలకి 2.

కనీసం 900 నిమిషాలు, అంటే పది పూర్తి మ్యాచ్‌లంత ఆట ఉంటేనే లీగ్ ఆటగాళ్ల గురించి గట్టిగా మాట్లాడండి. అంతకంటే తక్కువైతే ఒక్క మంచి సాయంత్రం మొత్తం లెక్కని ఎత్తేస్తుంది.

మన దగ్గర ఊళ్ల టోర్నమెంట్లలో ఒక్కో సగం 25 నిమిషాలో 30 నిమిషాలో ఉంటుంది. అప్పుడు 90కి మార్చడం కంటే 60కి మార్చుకోవడం మేలు. అరగంట ఆటని మూడింతలు చేసి "90 నిమిషాలకి ఆరు కీ పాస్‌లు" (షాట్‌కి దారితీసిన పాస్‌లు) అని రాస్తే చూడటానికి ఘనంగా ఉంటుంది గానీ, ఆ కుర్రాడు 90 నిమిషాలు అదే ఊపుతో ఆడతాడని ఎవరు చెప్పొచ్చారు?

ఇంకో విషయం, దీన్ని మనవాళ్లు అస్సలు పట్టించుకోరు. నెల్లూరు వైపు పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య పడతాయి. వాయుగుండం వచ్చి వెళ్లాక ఆడిన మ్యాచ్‌లో బంతి బురదలో ఆగిపోతుంది, నేల మీద పాస్‌లు సగంలో నిలిచిపోతాయి, టాకిల్స్ అమాంతం పెరుగుతాయి. అదే మే నెలలో ఎండకి బిగిసిపోయిన గట్టి నేల మీద బంతి మోకాలి ఎత్తుకి ఎగురుతుంది, మొదటి టచ్ తప్పుతుంది, రెండో సగానికి కాళ్లు లేవవు. ఒకడి లెక్క నవంబర్‌దీ ఇంకొకడిది మే నెలదీ అయితే ఆ రెండింటినీ కలపకండి. కలపక తప్పకపోతే పక్కన ఆ సంగతి రాయండి.

మొదలుపెట్టేముందు చూసుకోవాల్సినవి:

- ఇద్దరి నిమిషాలూ రాశానా
- ఒకే స్థాయి టోర్నమెంటేనా
- ప్రత్యర్థి జట్ల బలం దాదాపు ఒకటేనా
- కార్నర్లు, ఫ్రీ కిక్‌లు, పెనాల్టీలు ఎవరు కొడుతున్నారు
- గాయం నుంచి తిరిగొచ్చిన మ్యాచ్‌లు ఏమైనా ఉన్నాయా

4. అంకెలు ఎక్కడి నుంచి తేవాలి

పెద్ద లీగ్‌లకైతే ఫోట్‌మాబ్, సోఫాస్కోర్ లాంటి యాప్‌లు చాలు. ఇద్దరి అంకెలూ ఒకే చోట నుంచి తీసుకోవాలి, ఇందులో రాజీ లేదు. ఒక చోట టాకిల్ అంటే బంతిని ప్రత్యర్థి కాలి నుంచి తప్పించడం, అది ఎవరికి చేరినా సరే. ఇంకో చోట చూపించేది మన జట్టుకే బంతి దక్కిన టాకిల్స్‌ని. కీ పాస్ కూడా అంతే. కొందరు గోల్ అయిన పాస్‌ని అసిస్ట్‌లోనే వేసి కీ పాస్‌లో వేయరు, కొందరు రెండింట్లోనూ వేస్తారు. ఒకడి లెక్క ఇక్కడా, ఇంకొకడి లెక్క అక్కడా తీసుకుంటే పోలిక మొదట్లోనే తప్పుతుంది.

మ్యాచ్ తర్వాత యాప్ ఇచ్చే 7.4, 8.1 లాంటి రేటింగులు పక్కన పెట్టండి. గోల్, అసిస్ట్ ఉంటే అవి ఎగిరిపోతాయి. మనం విడగొట్టి చూడాలనుకున్నదాన్ని అవి మళ్లీ కలిపేస్తాయి.

లోకల్ మ్యాచ్ అయితే లెక్క మీరే రాయాలి. ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు కళ్లు తిప్పకుండా ఆటగాణ్ణి చూస్తూ నోటితో చెప్తారు, రెండోవారు గీతలు గీస్తారు, నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డం. ఒక్కరే ఉంటే ఫోన్‌లో వాయిస్ రికార్డర్ పెట్టుకుని చెప్పుకుంటూ పోండి, తర్వాత తీరిగ్గా రాసుకోవచ్చు.

వీడియో తీస్తే ఇంకా మంచిది. ఫోన్ అడ్డంగా పట్టుకోవాలి, మధ్య గీతకి ఎదురుగా, వీలైనంత ఎత్తు నుంచి. ఏ.సి. సుబ్బారెడ్డి స్టేడియం లాంటి చోట గ్యాలరీ పైమెట్లు ఎక్కండి. గ్యాలరీ లేని గ్రౌండ్‌లో పక్కన స్కూల్ బిల్డింగ్ మేడ దొరుకుతుందేమో అడగండి. జూమ్ చెయ్యొద్దు. జూమ్ చేస్తే బంతి ఉన్నవాడే కనిపిస్తాడు, మనకి కావాల్సింది బంతి లేనప్పుడు వాడు ఏం చేస్తున్నాడనేది.

ఒక మనిషి ఒక సగంలో ఒక్క ఆటగాణ్ణే లెక్కపెట్టాలి. ఇద్దర్నీ ఒకేసారి చూడబోతే ఇద్దరూ సగం సగం పోతారు.

రాసే కాగితంలో ఈ గళ్లు చాలు:

- బాక్స్ లోపలి షాట్, బయటి షాట్
- షాట్‌కి దారితీసిన పాస్ (ఓపెన్ ప్లే, సెట్ పీస్ వేరువేరుగా; సెట్ పీస్ అంటే కార్నర్, ఫ్రీ కిక్ లాంటివి)
- వరస దాటించిన పాస్: ప్రత్యర్థి మిడ్‌ఫీల్డ్ వరసని దాటి మనవాడికి చేరింది
- బంతితో వరస దాటడం: తనే తీసుకెళ్లాడు
- బంతి పోగొట్టడం
- గెలిచిన టాకిల్, ఓడిన టాకిల్
- ఇంటర్‌సెప్షన్: ప్రత్యర్థి పాస్‌ని మధ్యలో అందుకోవడం
- లూజ్ బాల్ (ఎవరి దగ్గరా లేని బంతి) అందుకోవడం
- ఫౌల్

ఇరవై గళ్లు పెట్టినవాళ్లు పది నిమిషాలకే కాగితం పక్కన పడేస్తారు. తొమ్మిదే ఉంచండి.

5. అటాక్: గోల్స్‌తో మొదలుపెట్టి వెనక్కి రండి

గోల్స్ నుంచి ముందు పెనాల్టీలు తీసేయండి. పెనాల్టీ కొట్టే బాధ్యత జట్టు ఇచ్చేది, ఓపెన్ ప్లేలో గోల్ చేసే సత్తా వేరు.

అందరికీ తెలిసిన జంట, ఇంగ్లండ్ మిడ్‌ఫీల్డర్లు ఫ్రాంక్ లాంపార్డ్, స్టీవెన్ జెరార్డ్‌లతో చేసి చూద్దాం. ఇంగ్లండ్‌లోని పెద్ద లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌లో లాంపార్డ్ 609 మ్యాచ్‌ల్లో 177 గోల్స్ కొట్టాడు, 102 అసిస్ట్‌లు ఇచ్చాడు. జెరార్డ్ 504 మ్యాచ్‌ల్లో 120 గోల్స్, 92 అసిస్ట్‌లు. చూడగానే లాంపార్డ్ 57 గోల్స్ పైన ఉన్నాడు. ఇప్పుడు పెనాల్టీలు తీద్దాం, లాంపార్డ్‌వి 43, జెరార్డ్‌వి 32. మిగిలినవి 134, 88. తేడా 46కి దిగింది. మ్యాచ్‌కి భాగిస్తే లాంపార్డ్ 0.22, జెరార్డ్ 0.17, లాంపార్డ్ ఇప్పటికీ స్పష్టంగా పైనే.

అసిస్ట్‌ల దగ్గరకి రండి. మొత్తంలో లాంపార్డ్ ముందున్నాడు. మ్యాచ్‌కి లెక్కవేస్తే లాంపార్డ్ 0.17, జెరార్డ్ 0.18. ముందున్నవాడు మారిపోయాడు, వెంట్రుకవాసి తేడాతోనే అయినా. మ్యాచ్‌ల బదులు నిమిషాలతో వేస్తే ఇంకా శుద్ధంగా వస్తుంది, ఎందుకంటే ఆ 609లోనూ 504లోనూ చివర్లో సబ్‌స్టిట్యూట్‌గా దిగినవి కూడా ఉన్నాయి.

ఇంత చేశాక కూడా రెండో మెట్టు మర్చిపోవద్దు. లాంపార్డ్ వెనక నుంచి ఆలస్యంగా బాక్స్‌లోకి దూసుకొచ్చే పని చేశాడు. జెరార్డ్ కెరీర్‌లో కుడి వైపూ ఆడాడు, స్ట్రైకర్ వెనకా ఆడాడు, చివరి రోజుల్లో డిఫెన్స్ ముందూ ఆడాడు. 0.22కీ 0.17కీ మధ్య ఉన్న తేడాలో ఆ పనుల తేడా ఎంతుందో ఆ అంకెలు చెప్పవు.

గోల్స్, అసిస్ట్‌ల తర్వాత ఒక మెట్టు వెనక్కి రావాలి. గోల్ అనేది అరుదు, మిడ్‌ఫీల్డర్‌కి ఇంకా అరుదు. అందుకే ఎక్స్‌జీ (xG, ఎక్స్‌పెక్టెడ్ గోల్స్), ఎక్స్‌ఏ (xA, ఎక్స్‌పెక్టెడ్ అసిస్ట్స్) చూస్తాం. షాట్ ఎక్కడి నుంచి కొట్టాడు, ఏ కోణం, కాలితోనా తలతోనా అన్నవి చూసి అది గోల్ అయ్యే అవకాశాన్ని 0కీ 1కీ మధ్య అంకెగా చెప్పేది ఎక్స్‌జీ. పెనాల్టీకి అది ముప్పావు కంటే కొంచెం పైన. ఎక్స్‌ఏ అదే పని పాస్‌కి చేస్తుంది. మీవాడు వెన్నలాంటి పాస్ ఇచ్చాడు, స్ట్రైకర్ ఖాళీ గోల్ ముందు ఆకాశంలోకి కొట్టాడు, అసిస్ట్ రాలేదు, ఎక్స్‌ఏలో మాత్రం అతని కష్టం నిలుస్తుంది. లోకల్ మ్యాచ్‌లో ఇవి ఉండవు కాబట్టి బాక్స్ లోపలి షాట్‌కి దారితీసిన పాస్‌లు, బయటి షాట్‌కి దారితీసిన పాస్‌లు విడగొట్టండి, చాలావరకు అదే పని జరుగుతుంది.

సెట్ పీస్‌లు విడిగా పెట్టడం ఇక్కడ తప్పనిసరి. కార్నర్లన్నీ ఒకడే కొడితే వాడి కీ పాస్‌లు సహజంగానే పొంగుతాయి. కార్నర్ బాగా కొట్టడం గొప్ప విద్యే, కాదనను. కానీ ఆటలో తిరుగుతూ దారి చూడగలగడం ఇంకో విద్య, రెండూ ఒకే గడిలో ఉండకూడదు.

ఇంకా వెనక్కి రండి. అసిస్ట్ ఇచ్చినవాడికి బంతి ఎవరిచ్చారు? నా లెక్కలో మిడ్‌ఫీల్డర్ అటాకింగ్ విలువ ఎక్కువగా దాక్కునేది ఇక్కడే. వరస దాటించిన పాస్‌లు, బంతితో వరస దాటడాలు చూడండి. పాస్ శాతం మాత్రం ఒంటరిగా చూడకండి. పక్కనున్న సెంటర్ బ్యాక్‌కి ఇచ్చి మళ్లీ తీసుకునేవాడికి 93 శాతం వస్తుంది, ముగ్గురి మధ్య నుంచి త్రూ బాల్ వేసేవాడికి 78 శాతం వస్తుంది, రెండోవాడి వల్ల గోల్‌కీపర్‌కి టెన్షన్ పుడుతుంది.

రిస్క్ తీసుకునేవాడు బంతి పోగొట్టడం సహజం. ఎక్కడ పోగొట్టాడో చూడండి. ప్రత్యర్థి బాక్స్ దగ్గర పోతే పెద్ద నష్టం లేదు. మన సగంలో, మనవాళ్లు ముందుకి పరుగెడుతున్నప్పుడు పోతే అది నేరుగా మన గోల్ మీదకి వస్తుంది. రెండు రకాలూ విడిగా రాయండి.

6. డిఫెన్స్: టాకిల్స్ ఎక్కువుంటే మంచి డిఫెండర్ అనుకోవద్దు

ఇక్కడ నిదానంగా నడవాలి, ఎందుకంటే ఎక్కువ తప్పులు జరిగేది ఈ మెట్టు దగ్గరే.

మొదటి సంగతి, బంతి మన దగ్గరుంటే టాకిల్ చేసే అవకాశమే రాదు. జట్టు పొజెషన్ 62 శాతం అయితే ప్రత్యర్థి దగ్గర బంతి ఉండేది 38 శాతమే. ఇంకో జట్టుకి పొజెషన్ 45 శాతం అయితే ఎదుటివాళ్ల దగ్గర 55 శాతం. రెండో జట్టు మిడ్‌ఫీల్డర్‌కి పని ఎక్కువ దొరుకుతుంది.

సరిచేసే తేలిక లెక్క: టాకిల్స్, ఇంటర్‌సెప్షన్లు కలిపిన అంకెని 50తో గుణించి, ప్రత్యర్థి పొజెషన్ శాతంతో భాగించండి. లెక్క అర్థం కావడానికి ఇద్దర్ని ఊహించుకుందాం, 8వ జెర్సీ, 14వ జెర్సీ. 8వ జెర్సీకి 90 నిమిషాలకి 4.0, జట్టు పొజెషన్ 62. అప్పుడు 4.0ని 50తో గుణించి 38తో భాగిస్తే 5.3. 14వ జెర్సీకి 5.2, జట్టు పొజెషన్ 45. 5.2ని 50తో గుణించి 55తో భాగిస్తే 4.7. ముందు వెనకబడ్డవాడు ఇప్పుడు ముందున్నాడు. ఈ లెక్కనే వేదంలా పట్టుకోవద్దు, సూచనగా తీసుకోండి. రెండు అంకెలూ, సరిచేయకముందువీ తర్వాతవీ, పక్కపక్కన రాయండి.

లోకల్ మ్యాచ్‌లో పొజెషన్ ఎలా అంటే, ఒక స్నేహితుడి చేతికి రెండు ఫోన్లు ఇచ్చి రెండింట్లో స్టాప్‌వాచ్ పెట్టించండి, బంతి మారినప్పుడల్లా ఒకటి ఆపి ఇంకొకటి నడపాలి. పదిహేను నిమిషాల చొప్పున రెండుసార్లు చేస్తే చాలు, మ్యాచ్ అంతా అక్కర్లేదు.

ఫ్రాన్స్ మిడ్‌ఫీల్డర్ కాంటే సంగతి చూడండి. 2015-16లో లెస్టర్ ప్రీమియర్ లీగ్ గెలిచినప్పుడు లీగ్‌లో అందరికంటే ఎక్కువ టాకిల్స్ అతనివే. ఆ ఏడాది అతి తక్కువ పొజెషన్ ఉన్న జట్లలో లెస్టర్ ఒకటి, అంటే అతని మొత్తాలు కొంత తగ్గించి చూడాలి. అట్లా అని అతని విలువ తగ్గిపోలేదు. మరుసటి ఏడాది చెల్సీకి వెళ్లాడు, అక్కడా లీగ్ టైటిల్ వచ్చింది. మొత్తాల్ని అనుమానించాలి తప్ప మనిషిని కాదు.

రెండో సంగతి, దాటించుకున్నవి. టాకిల్ గెలిచినవి మాత్రమే రాసి, డ్రిబుల్ చేసి ఎదుటివాడు దాటిపోయినవి వదిలేస్తే సగం కథే. ఆరు టాకిల్స్ గెలిచి ఆరుసార్లు దాటించుకున్నవాడిది 50 శాతం. మూడు గెలిచి ఒకసారి దాటించుకున్నవాడిది 75 శాతం. జనం చప్పట్లు కొట్టేది మొదటివాడికే, ఎందుకంటే వాడు మాటిమాటికీ నేల మీద జారుతూ కనిపిస్తాడు.

మూడో సంగతి, ఎక్కడ చేశాడు? మైదానాన్ని అడ్డంగా మూడు భాగాలు చేయండి. పై భాగంలో, అంటే ప్రత్యర్థి గోల్ వైపు, బంతి లాక్కుంటే వెంటనే షాట్ దొరకొచ్చు. కింది భాగంలో లాక్కుంటే ప్రమాదం తప్పింది. రెండూ డిఫెన్సే, కానీ పైన ప్రెస్ చేసే (ముందుకెళ్లి బంతి మీద ఒత్తిడి పెట్టే) జట్టుకి మొదటి రకం కావాలి, వెనక నిలబడే జట్టుకి రెండో రకం.

నాలుగోది స్కోరు. 2-0తో ముందున్న జట్టు వెనక్కి తగ్గుతుంది, ఆ చివరి అరగంటలో ఎవరి ఇంటర్‌సెప్షన్లైనా పెరుగుతాయి. వీలైతే స్కోరు సమానంగా ఉన్న నిమిషాల్ని విడిగా చూడండి.

7. అంకెల్లో పడని డిఫెన్స్

వీడియో అవసరమయ్యేది ఇక్కడే. ఒక్క సంఘటన దగ్గరగా చూద్దాం.

ప్రత్యర్థి సెంటర్ బ్యాక్ దగ్గర బంతి ఉంది. తలెత్తాడు, మధ్యలో ఉన్న తన స్ట్రైకర్ వైపు కాలు లేపాడు. మీ ఆరో నంబర్ సరిగ్గా ఆ దారిలో రెండడుగులు ఎడమకి జరిగాడు, అంతే, పరుగు లేదు, టాకిల్ లేదు. సెంటర్ బ్యాక్ కాలు దించేశాడు, వెనక్కి తిరిగి కీపర్‌కి ఇచ్చేశాడు. ఏ యాప్‌లోనూ ఇది పడదు. మ్యాచ్‌లో పదిసార్లు ఇది చేసేవాడు, పది టాకిల్స్ చేసేవాడికంటే తక్కువేం కాదు, నన్నడిగితే ఎక్కువే. కాగితం మీద "మూసిన దారి" అని ఒక గీత గీయండి.

రెండోది, బంతి పోయాక అయిదు సెకన్లు. జట్టు బంతి పోగొట్టిన ప్రతిసారీ మీ ఆటగాణ్ణి చూసి ఒక అక్షరం రాయండి: పరిగెత్తితే ప, నిలబడిపోతే ని, ఫౌల్ చేసి ఆపితే ఫ. సగం అయ్యాక ఆ అక్షరాల వరస చదివితే చాలు, అలసట ఏ నిమిషం దగ్గర మొదలైందో కూడా తెలుస్తుంది. మొదటి ఇరవై నిమిషాలు అన్నీ ప ఉండి, తర్వాత ని మొదలైతే సత్తా లోపం అనుకోకండి, ఊపిరి లోపం, దానికి మందు వేరు.

మూడోది, బంతి అందుకునేముందు తల తిప్పడం. పాస్ తన వైపు బయల్దేరకముందే భుజం మీదుగా వెనక్కి చూశాడా? చూసినవాడు మొదటి టచ్‌తోనే ముందుకి తిరుగుతాడు. చూడనివాడు వెనక్కే ఇస్తాడు. పదిసార్లు బంతి అందుకుంటే అందులో ఎన్నిసార్లు చూశాడో లెక్కపెట్టండి. ఇది డిఫెన్స్‌లో వేయాలా అటాక్‌లో వేయాలా అంటే రెండింటికీ పునాది, విడిగానే ఉంచండి.

8. ఒక పేజీలో పెట్టండి, ఒకే మార్కు మాత్రం చెయ్యొద్దు

అటాక్‌కి 50 మార్కులు, డిఫెన్స్‌కి 50, కలిపి వందకి ఎంత అని అడుగుతుంటారు. చెయ్యొద్దు. 72 వచ్చినవాడికీ 70 వచ్చినవాడికీ తేడా ఏంటో ఎవరూ చెప్పలేరు, కానీ 72 వచ్చినవాడు జట్టులోకి వెళ్లిపోతాడు.

దాని బదులు ఒక్కో వరసలో మూడు మాటల్లో ఒకటి రాయండి: స్పష్టంగా ముందు, కొంచెం ముందు, సమానం. ఏ వరసలు మీకు ముఖ్యమో అంకెలు చూడకముందే గుర్తు పెట్టుకోవాలి. ఆరో నంబర్ కోసం వెతుకుతుంటే మూసిన దారులు, దాటించుకున్నవి, సొంత సగంలో పోగొట్టినవి. పదో నంబర్ కోసమైతే బాక్స్ లోపలి షాట్‌కి దారితీసిన పాస్‌లు, వరసల మధ్య బంతి అందుకోవడం, పై భాగంలో ప్రెసింగ్. అంకెలు చూశాక ముఖ్యమైనవి ఎంచుకుంటే మనకి ఇష్టమైనవాడే గెలుస్తాడు.

9. తరచూ జరిగే తప్పులు, సరిచేసే దారులు

ఇద్దరు లెక్కరాసేవాళ్ల అంకెలు కలవడం లేదు: వీడియోలో ఒకే పది నిమిషాలు ఇద్దరూ విడివిడిగా లెక్కపెట్టండి. తేడా వచ్చిన చోట ఆపి, దేన్ని టాకిల్ అనాలో మాట్లాడుకుని రాసుకోండి. ఆ తర్వాతే అసలు మ్యాచ్ మొదలుపెట్టండి.

ఒక్క మ్యాచ్ చూసి తేల్చేయడం: టోర్నమెంట్‌లో మూడు నాలుగు మ్యాచ్‌లే ఉంటాయి, నిజమే. అందుకే తీర్పులో "ఈ టోర్నమెంట్‌లో" అనే మాట తప్పకుండా ఉండాలి, మీవాడి భవిష్యత్తు మీద జోస్యం వద్దు.

బలహీన జట్టు మీద వచ్చిన అంకెలు: 6-0 గెలిచిన మ్యాచ్ తీసేసి మళ్లీ లెక్క వేయండి. తీర్పు మారితే ఆ తీర్పు ఒక్క మ్యాచ్ మీదే నిలబడిందని అర్థం.

అతను లేనప్పుడు జట్టు ఓడింది కాబట్టి అతనే గొప్ప అనడం: మాంచెస్టర్ సిటీ మిడ్‌ఫీల్డర్ రోడ్రి 2024 సెప్టెంబర్‌లో మోకాలి గాయంతో ఆగిపోయాడు, మాంచెస్టర్ సిటీ ఆ సీజన్ మూడో స్థానంలో ముగించింది. ఆ గాయం తర్వాత కొన్ని వారాలకే అతనికి 2024 బాలన్ డోర్ (ఏడాదికి ఉత్తమ ఆటగాడి అవార్డు) వచ్చింది. ఇలాంటి ఆధారం విలువైనదే, కానీ అదే సమయంలో ఇంకెవరు గాయపడ్డారు, ఏ జట్లతో ఆడారు అన్నది కూడా పక్కన రాయాలి.

సొంతవాడి మీద ప్రేమ: కోచ్ కొడుకో, మన వీధి కుర్రాడో ఆ ఇద్దరిలో ఉంటే లెక్క వేరేవాళ్లకి ఇవ్వండి. దీనికి ఇంకో మందు లేదు.

10. తీర్పు రాసే పద్ధతి

నాలుగు వాక్యాలు చాలు. మొదటిది పని: ఇద్దరూ ఏ పని చేశారు. రెండోది అటాక్: ఎవరు ఎందులో ముందు, ఎంత తేడాతో. మూడోది డిఫెన్స్, పొజెషన్ సరిచేశాక. నాలుగోది మీ ప్రశ్నకి జవాబు.

నమూనాకి ఇట్లా: "ఇద్దరూ ఎనిమిదో నంబర్ పని చేశారు. ఓపెన్ ప్లేలో 14వ జెర్సీ స్పష్టంగా ముందు, వరస దాటించిన పాస్‌లు దాదాపు రెట్టింపు. డిఫెన్స్‌లో పొజెషన్ సరిచేశాక 8వ జెర్సీ కొంచెం ముందు, దాటించుకున్నవి తక్కువ. వెనక నిలబడి కౌంటర్ ఆడే మన జట్టుకి 14 మొదట దిగాలి, జట్టు ఒక గోల్ ఆధిక్యంలో ఉంటే చివరి పావుగంటకి 8 రావాలి."

ఈ కాగితం సెలక్షన్ చేసేవాళ్ల చేతికి ఇచ్చేటప్పుడు గీతలు గీసిన అసలు కాగితం కూడా జతచేయండి, కుదిరితే రెండు మూడు చిన్న వీడియో ముక్కలూ పంపండి, ఒకటైనా మీ తీర్పుకి వ్యతిరేకంగా ఉండేది పెట్టండి. వీడియో లేకపోతే ఏ మ్యాచ్‌లో ఏ నిమిషమో రాయండి, వాళ్లు గ్రౌండ్‌లో ఉన్నవాళ్లే, చెప్తే గుర్తొస్తుంది. తేదీ, గ్రౌండ్ పేరు, నేల తడిగా ఉందా పొడిగా ఉందా అన్నది పై మూలన రాయడం మర్చిపోవద్దు, వచ్చే ఏడాది అదే కుర్రాణ్ణి మళ్లీ లెక్కపెట్టేటప్పుడు మొదట వెతికేది అదే.